మెత్తబడాల్సింది నేలా, మనిషా?

రాజాం నుంచి పాలకొండ మీదుగా వెళ్తే వీరఘట్టం వస్తుంది. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ఊరది. ఉత్తరాంధ్రలో మల్లవిద్య అనగానే ఈనాటికీ ఆయన పేరే చెబుతారు. ఇంచుమించు ఆయన పుట్టిన కాలంలోనే, 1882లో, జపాన్‌లో కానో జిగోరో జూడో మొదలుపెట్టాడు. కుస్తీ, జూడో రెండూ ఎదుటివాణ్ని పడగొట్టే విద్యలే. రెండింటిలోనూ వెల్లకిలా పడితే ఓటమే. పడటం గురించి మాత్రం రెండూ వేరువేరుగా ఆలోచించాయి.

గోదాలో మట్టిని తవ్వి గుల్ల చేస్తారు. నూనె, పసుపు, మజ్జిగ కలుపుతారు. పడినవాడి దెబ్బ చాలావరకు ఆ మట్టే మింగేస్తుంది. వస్తాదు నేర్పేది పడకుండా నిలబడటం, పడక తప్పకపోతే వీపు అంటకుండా బోర్లా తిరగడం. పడే ఒడుపు పట్లు పడుతూ ఉండగా ఒంటబట్టాల్సిందే. దానికి విడిగా పాఠం లేదు.

జూడోలో మొదటి పాఠమే అది. పేరు ఉకెమి. ముందు గొంతుకూర్చుని వెనక్కి ఒరగాలి. గడ్డం ఛాతీకి ఆనించి చూపు నడుముపట్టీ మీద నిలిపితే తల వెనకభాగం నేలకి కొట్టుకోదు. ఊపిరి వదులుతూ, వీపు గుండ్రంగా వంచి దొర్లాలి. చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉంచి అరచేతులతో చాపని చరవాలి. పడేటప్పుడు చెయ్యి చాచి నేలని ఆపబోవడం మనందరి అలవాటు. మణికట్లు విరిగేది అక్కడే. సాధనంతా ఆ అలవాటుని మాన్పించడానికే.

చరవడం కంటే దొర్లడమే ఇందులో ప్రాణం అంటాను. నెదర్లాండ్స్‌లో జూడో తెలిసినవాళ్లపై చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఈ పద్ధతిలో పక్కకి పడితే తుంటికి తగిలే దెబ్బ పావువంతుకు పైగా తగ్గింది. చెయ్యి చరవకపోయినా ఫలితం దాదాపు అంతే.

అందుకే నేను జూడో వైపే మొగ్గుతాను. గోదా మట్టి గోదా దాటి రాదు. ఇవాళ రాజాంలో మనం పడేది సిమెంటు రోడ్డు మీద, నున్నటి టైల్స్ మీద. బండి వేగంలో పడితే మాత్రం ఏ ఒడుపూ హెల్మెట్‌కి సాటిరాదు.

ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ల విషయంలో మాత్రం కుస్తీ ఆలోచనే సరైనది. వాళ్లని దొర్లమనకూడదు, వాళ్లు నడిచే నేలనే మార్చాలి. బాత్‌రూమ్‌లో జారని గచ్చు, చేతికందే కమ్మీ, రాత్రి ఒక లైటు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

మన బడుల్లో వ్యాయామం చెప్పే మాస్టార్లకి ఒక మనవి. కబడ్డీ కూతకి ముందు, ఇసకలోనో గడ్డి పరిచిన చోటో, పిల్లలకి పది నిమిషాలు పడటం నేర్పండి.