రద్దయిన కంపెనీపై రైతు బాకీ: గూడెం కొత్తవీధి నుండి ఒక పరిశీలన

కంపెనీ పేరు రిజిస్టరు నుండి తొలగిపోతే అది చెల్లించవలసిన బాకీ కూడా తీరిపోయినట్లేనన్న అభిప్రాయం లోకంలో ఉంది. 2013 కంపెనీల చట్టం అలా చెప్పలేదు. 248వ సెక్షను ప్రకారం పేరు తొలగించిన తరువాత కూడా ఆస్తులు అప్పుల చెల్లింపునకు అందుబాటులో ఉండాలి. డైరెక్టర్ల, సభ్యుల బాధ్యత కంపెనీ రద్దు కానట్లే కొనసాగుతుంది. గెజిట్ ప్రకటన వెలువడిన 20 ఏళ్లలోపు ఋణదాత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి పేరును పునరుద్ధరింపజేయవచ్చునని 252వ సెక్షను చెబుతుంది.

కాగితంపై ఇది ఉదారమైన ఏర్పాటే. అయితే తొలగింపు నోటీసు వెలువడేది కంపెనీ రిజిస్టర్డు కార్యాలయం ఉన్న రాష్ట్రపు ప్రాంతీయ భాషా పత్రికలో. గూడెం కొత్తవీధిలో కాఫీ, మిరియాలు కొన్న కంపెనీ బెంగళూరులో నమోదై ఉంటే ఆ ప్రకటన కన్నడంలో వస్తుంది. అభ్యంతరానికి గడువు 30 రోజులు. తనకు నోటీసు ఇచ్చారన్న సంగతే గిరిజన రైతుకు తెలియదు.

అసలు చిక్కు ఉత్పత్తిదారుల కంపెనీలలో ఉంది. (1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సహకార వ్యవస్థకు చెందినది కనుక ఈ చర్చలోకి రాదు.) ఇక్కడ రైతే సభ్యుడు, రైతే సరఫరాదారు. సరుకు ధరలో కొంత భాగాన్ని బోర్డు అట్టిపెట్టి తరువాత చెల్లించవచ్చు. చట్టం దానిని చెల్లించవలసిన ధరలో భాగంగానే నిర్వచించింది కనుక అది బాకీయే. కాని అదే మొత్తాన్ని వాటాల రూపంలో ఇచ్చే వీలును కూడా ఆ చట్టమే కల్పించింది. వాటాగా మారిన క్షణాన రైతు ఋణదాతల వరుస వీడి, అందరి తరువాత నిలిచే వాటాదారు అవుతాడు. కాఫీ గింజ అవే, చాకిరీ అదే; బోర్డు తీర్మానం ఒక్కటే మారింది. ఈ మార్పుకు రైతు వ్యక్తిగత సమ్మతి తప్పనిసరి కావాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆస్తుల అమ్మకంలోనూ షెడ్యూల్డు ప్రాంతానికి వేరే లెక్క ఉంది. 1/70 నిబంధన ప్రకారం ఇక్కడి స్థిరాస్తిని గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులతో కూడిన సహకార సంఘానికి తప్ప ఇతరులకు బదిలీ చేస్తే చెల్లదు. 1997 నాటి సమత తీర్పు ఈ కట్టడిని ప్రభుత్వానికి కూడా వర్తింపజేసింది. కనుక మూతపడిన కంపెనీకి కొండమీద గోదాము ఉన్నా దానిని బహిరంగ మార్కెట్ ధరకు అమ్మి బాకీలు తీర్చడం కుదరదు. గిరిజనుని భూమిని కాపాడే నిబంధనే అతని బాకీ వసూలును కుంటుపరుస్తున్నది. దీనికి విరుగుడు 1/70ను సడలించడం కాదు; సరఫరాదారు బాకీకి కంపెనీ నిల్వ సరుకుపైన, బ్యాంకు నిల్వపైన తొలి హక్కు కల్పించడం.