మార్లవాయి బడి - మన సాహిత్య విమర్శ

గిరిజన జీవితం మీద తెలుగులో కథలు, నవలలు, దీర్ఘ కవితలు విరివిగానే వచ్చాయి. వాటి మీద విమర్శా వచ్చింది. దృక్పథం సరైనదా, పాత్రలు సజీవంగా ఉన్నాయా, వస్తువుకు తగిన శిల్పం కుదిరిందా అని తర్కించుకున్నాం. అయితే ఆ విమర్శలో ఒక ప్రశ్న లేవలేదు. రచయితకు ఆ జీవితం గురించిన జ్ఞానం ఎక్కడి నుంచి వస్తున్నది? దాన్ని ఎవరు పోగుచేస్తున్నారు, ఎవరు భద్రపరుస్తున్నారు, అందుకయ్యే ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఇది సాహిత్యానికి బయటి ప్రశ్న అని కొట్టివేయడానికి వీల్లేదు. వస్తువు గురించి మాట్లాడేవాళ్లం ఆ వస్తువు పుట్టే చోటు గురించి కూడా మాట్లాడాలి.

నేను కరీంనగర్ వైపు తెలుగు పంతులును. ఎం.ఏ.లో జానపద సాహిత్యం ఒక పేపరుగా చదువుకున్నాను. బిరుదురాజు రామరాజు గారి పరిశోధన దగ్గర మొదలుపెట్టి మాకు చాలానే చెప్పారు. గోండుల గురించి మాత్రం ఒక్క పాఠం లేదు. గోదావరి దాటితే ఆదిలాబాదు. ఆ నది రెండు జిల్లాలకే కాదు, మా పాఠ్యప్రణాళికకు కూడా సరిహద్దు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల కింద మిత్రులం నలుగురం కలిసి, ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాల ఒకదానిలో మానవశాస్త్ర విభాగం పెట్టించాలని ఒక పత్రం రాసుకొని పోయినం. ప్రిన్సిపాల్ ఓపికగా విన్నారు. చివరికి మూడు ప్రశ్నలు వేశారు. "ఎంతమంది చేరుతరు? చదివి ఏం ఉద్యోగం చేస్తరు? పోస్టు ఎవరు మంజూరు చేస్తరు?" మా దగ్గర జవాబు లేదు. ఆయన మీద నాకు కోపం లేదు. గంటల లెక్కన జీతమిచ్చే గెస్టు లెక్చరర్లతో బండి లాగే చోట అంతకంటె వేరే ప్రశ్నలు పుట్టవు. కాని ఆ మూడింటికీ ఎనభై ఏళ్ల కింద ఒక అడవి పల్లె కొంతమేరకు జవాబు చెప్పి ఉన్నదని తర్వాత తెలిసింది. ఆ పల్లె మార్లవాయి. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉన్నది.

చరిత్రను క్రమంలో చూడాలి. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు కుమురం భీం నేలకొరిగాడు. పోడు భూమి కోసం, అడవి మీద హక్కు కోసం జరిగిన తిరుగుబాటు అది. దాన్ని అణచిన తర్వాతనే, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనే అవసరం ప్రభుత్వానికి వచ్చింది. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆ సందర్భంలోనే ఆదిలాబాదు అడవుల్లోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశ పౌరుడిగా హైదరాబాదు సంస్థానంలో చిక్కుకుపోయిన మనిషి. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. అంటే ఈ గడ్డ మీద మానవశాస్త్రం తూటా వెనకనే నడిచి వచ్చింది. ఈ సంగతి మరిచిపోతే ఆ శాస్త్రానికి భజన చేస్తాం. ఇదొక్కటే గుర్తుంచుకుంటే అది చేసిన పనిని చూడలేం. రెండింటినీ కలిపి చూడడమే విమర్శకుడి పని.

చేసిన పని ఏమిటి? 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో, గోండు పిల్లలకు మొదటి అక్షరాలు గోండీలోనే చెప్పాలని నిర్ణయించారు. మరాఠీ వాడుక ఉన్న ప్రాంతం కనుక దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. పంతుళ్లు కూడా గోండులే. అక్కడ చదువుకున్నవాళ్లలో కొందరు బడిపంతుళ్లయ్యారు, కొందరు చిన్న చిన్న సర్కారు కొలువుల్లోకి పోయారు. చదివి ఏం చేస్తారన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది: చదివినవాడు తన జాతికి పంతులవుతాడు, పట్వారీ దౌర్జన్యం ముందు కాగితం చదవగల మనిషి అవుతాడు. వనరు అంటే భవనమూ బీరువాలూ కావని మార్లవాయి చూపింది. భాష తెలిసిన మనిషి, ఆ భాషలో పుస్తకం, ఆ మనిషికి జీతం - మొదటి వనరులు ఇవి.

ఆ పనికి హద్దూ ఉన్నది. హైమెన్‌డార్ఫ్ 1948లో రాజ గోండుల మీద వెలువరించిన పెద్ద గ్రంథం ఇంగ్లీషులో వచ్చింది. గోండుల పురాణగాథలకు అసలు భాండారం ప్రధానులు. కిక్రి వాయిస్తూ తరతరాలుగా గోండు ఇండ్లకు వాళ్ల వంశ చరిత్రలు పాడి వినిపించేవాళ్లు. వాళ్ల నోటి నుంచి వచ్చిన సంపద విదేశీ గ్రంథాలయాలకు చేరింది, పాడిన మనిషి ఇంట్లో మాత్రం దాని ప్రతి లేదు. అదే కాలంలో గోండుల మధ్య అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ కూడా తన పుస్తకాన్ని ఇంగ్లీషులోనే తెచ్చాడు. వీళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. హైమెన్‌డార్ఫ్ చాలా ఏళ్లకు తిరిగి వచ్చి, పట్టాలిప్పించిన భూములు మళ్లీ చేతులు మారడం చూసి, 1982లో వచ్చిన పుస్తకంలో దాచకుండా రాశాడు. అయినా పాఠకుడెవరు అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ఆ భూముల కోసమే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభకు కదిలితే పోలీసులు కాల్చారు. అధికార లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. ప్రజాసంఘాలు చెప్పిన సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. పుస్తకాల్లో పోగైన జ్ఞానం ఆ రోజు ఒక్క ప్రాణానికీ అడ్డం పడలేదు.

ఈ వెలుగులో సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవలను మళ్లీ చదవాలి. 1983లో వచ్చిన ఈ నవల మీద వీరగాథ అన్న ముద్ర పడింది. నా దృష్టిలో దాని బలం వీరత్వంలో లేదు. గోండు పల్లె ఎట్లా కదులుతుంది, పోడు ఎట్లా కొడతారు, జంగ్లాతు అమీను ఊళ్లోకి వస్తే ఎవరి గుండె ఎట్లా కొట్టుకుంటుంది అన్న వివరంలో ఉన్నది. ఆ వివరం కుర్చీలో కూర్చుంటే రాదు. జనం మధ్య తిరిగి, వాళ్ల జ్ఞాపకాన్ని విని తెచ్చుకోవలసిందే. ఏ విశ్వవిద్యాలయమూ పెట్టని విభాగాన్ని ఆ రచయితలు ఉద్యమం అండతో తామే నడిపారు. ఆ నవల తర్వాత వచ్చిన గిరిజన కథల్లో అనేకం ఎందుకు తేలిపోయాయంటే, నినాదం మిగిలింది, వినడం పోయింది. మామిడి చెట్టు కింద ఫొటో దిగి, ఒక్క గోండీ మాట అర్థం తెలియకుండా కథ రాసిన వాళ్లం మనలో ఉన్నాం. నేనూ అట్లా ఒక కథ రాశాను. అచ్చయింది కూడా. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

సరే, ఈ రోజు ఏమున్నది? వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం నెలకొన్నది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం వచ్చింది. 2013 ప్రాంతంలో యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చినా, దాన్ని వృత్తి నైపుణ్యాల శిక్షణకే పరిమితం చేసింది. స్థానిక సమాజం తన్ను తాను చదువుకోవడం నైపుణ్యాల లెక్కలోకి రాలేదు. మరోవైపు, ఏజెన్సీ ప్రాంతాల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయశాస్త్ర తర్కం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం ఒక్కటే. మార్లవాయి కనిపెట్టిన మొదటి వనరు - పిల్లవాడి భాష తెలిసిన పంతులు - దానికి ఉన్న రక్షణ పోయింది. 2011 జనాభా లెక్కల్లో దేశమంతటా 29 లక్షల పైచిలుకు మంది తమ మాతృభాష గోండీ అని చెప్పారు. ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు.

ఆశ కలిగించేది గుంజాల. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలోని ఆ పల్లెలో గోండీకి సొంత లిపితో ఉన్న రాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పూనుకొని ఆ లిపిని వెలుగులోకి తెచ్చారు. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఇక్కడ గమనించవలసింది, ఆ లిపి చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దమనుషులు. వాళ్లు లేకపోతే ఆ కాగితాలు ఉత్త కాగితాలే. గుస్సాడి నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. బిరుదు ఇవ్వగలిగిన రాజ్యం ఆయన లాంటి వాళ్లకు ఒక కళాశాలలో గురువు కుర్చీ వేయలేకపోయింది.

కనుక ఆ ప్రిన్సిపాల్‌కు ఇప్పుడైతే ఇట్లా చెబుతాను. విభాగానికి కావలసింది మానవశాస్త్రం చదివిన అధ్యాపకుడొకరు, ఆయనతో సమానంగా గోండీ, కొలామీ తెలిసిన స్థానిక అధ్యాపకుడొకరు. ప్రధానికి, తోటికి, లిపి చదివే పెద్దకు పాఠానికింత అని గౌరవవేతనం. మాట, పాట భద్రపరిచే గది ఒకటి. పల్లెలకు పోయివచ్చే బస్సు చార్జీలు. వీటన్నిటికంటె ముఖ్యంగా ఒక నియమం: పల్లెలో సేకరించిన ప్రతిదాని ప్రతి, వాళ్లకు తెలిసిన భాషలో, మొదట ఆ పల్లెకే చేరాలి. ఎంతమంది చేరుతారంటారా, పదిమంది చేరినా చాలు. మార్లవాయి మొదలైంది కూడా గుప్పెడు మందితోనే.

ఈ డిమాండును గిరిజన సంఘాలకో, కళాశాలలకో వదిలేసి మనం కథలు రాసుకుంటే సరిపోదు. రచయితల సంఘం తన మహాసభ తీర్మానాల్లో దీనికి చోటివ్వాలి. అది జరిగే లోపల మనలో ఒక్కొక్కరం ఒక పని చేయవచ్చు. గిరిజన జీవితం మీద మనం రాసిన కథను అచ్చుకు పంపే ముందు, ఆ జీవితం ఎవరిదో వాళ్ల ముందు కూర్చొని చదివి వినిపించాలి. వాళ్లు నవ్విన చోట కొట్టివేయాలి, వాళ్లు ఊరుకున్న చోట తిరిగి రాయాలి. నేను ఆ పాత కథను వచ్చే సెలవుల్లో జైనూరు వైపు తీసుకుపోతున్నాను.