టేపు కంటే ముందు నోటుబుక్కు

కౌన్సిలర్ పని ఏమిటని అడిగితే మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. నల్లా రాకపోతే అడగాల్సిన మనిషి అంటారు ఆడవాళ్లు. మోరీ తీయించే మనిషి అంటారు ముసలివాళ్లు. పిల్లలకైతే ఫ్లెక్సీ మీద ఫొటో. నల్లగొండలో ఒక వార్డుకు ఐదేళ్లు కౌన్సిలర్‌గా ఉండి, 2025 జనవరిలో గడువు తీరి ఇంటికి వచ్చాను. ఆ పనికి ఏ పనిముట్టు కావాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆలోచించకుండా చెప్తాను: రెండు వందల పేజీల గీతల నోటుబుక్కు. మైకు తరువాత సంగతి.

2020 జనవరిలో ఎన్నికలు జరిగినప్పుడు నల్లగొండలో 48 వార్డులు, మహబూబ్‌నగర్‌లో 49. సగం సీట్లు ఆడవాళ్లవి. నేను గెలిచింది కూడా ఆ లెక్కలోనే. మొదట్లో ఫోన్లన్నీ మా ఆయనకే వచ్చేవి. "అన్నా, వదినకు జర చెప్పు" అనేవాళ్లు. ఈ అలవాటును మాన్పించింది నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లే. పైపులో మురుగు వాసన ఏ రోజు మొదలైందో, ఏ ఇంట్లో మోటారు పెట్టి నీళ్లు గుంజుతున్నారో, ఏ గల్లీలో దీపం ఆరిపోయి ఆడపిల్లలు ట్యూషన్ మానేశారో వాళ్లు నాతోనే చెప్పగలరు. మా ఆయనతో చెప్పరు. నెల తిరిగేసరికి "కౌన్సిలరమ్మ నంబరు ఇయ్యి" అనడం మొదలైంది.

మా ఊళ్లో నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకున్న నాయకుడు బతికి బట్టకట్టడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే, దానికి పడ్డ పేరు 'నల్లగొండ టెక్నిక్'. వేరే ఊళ్లకు గుడి పేరో మిఠాయి పేరో వస్తుంది, మాకు ఇది వచ్చింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, బిందెలో నీళ్లు రంగు మారితే ఆ పాత భయమే ముందు లేస్తుంది. అందుకే పొద్దున్నే వాల్వ్ తిప్పే మనిషి ఆలస్యమైతే ఫోన్ మోగుతుంది. ఆ తరువాత చెత్త ఆటో, శానిటరీ జవాన్‌తో గల్లీ తిరుగుడు, కోతులు పెంకులు పీకాయని ఒకరు, కుక్కలు వెంటబడ్డాయని ఒకరు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. వార్డులో తేలనివన్నీ అక్కడికి పోతాయి. ముందే తెలుసుకోకపోతే సొంత వార్డు సంగతిని మర్నాడు పేపర్లో చదువుకోవాల్సి వస్తుంది.

వారం మధ్యలో మీటింగులు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టింది: యువజనులది, మహిళలది, వయోవృద్ధులది, ప్రముఖులది. ఒక్కోదానిలో 15 మంది, అంతా కలిపి 60 మంది. కాగితం మీద ఇది చిన్న అసెంబ్లీ. కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేస్తే వచ్చేది మాత్రం ఎప్పుడూ వచ్చేవాళ్లే. రిటైరైన సారు పాత అర్జీల ఫైలు పట్టుకుని అందరికంటే ముందు వస్తారు. మహిళా సంఘం అక్కలు పొదుపు లెక్కలు ముగించుకుని వస్తారు. యువకులు ఫొటో దిగేదాకా ఉంటారు. అదే చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా చెప్పింది. బతకకపోతే కౌన్సిలర్ పదవికే ముప్పు. ఆ ఐదేళ్లూ వీధిలో మేక కనబడితే చాలు, నా గుండె దడదడలాడేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కమిటీల అసలు అవసరం ఏమిటో రోడ్డు వెడల్పు మాట వచ్చిన వారం తెలుస్తుంది.

రోడ్డు వెడల్పు కబురు మా ఊళ్లకు మూడు మజిలీల్లో వస్తుంది. ముందు టీ హోటల్లో పుకారుగా. తరువాత పేపరు జిల్లా పేజీలో నిధులు మంజూరైన వార్తగా. ఆఖరికి గోడ మీద ఎర్ర రంగు గీతగా. 2021 డిసెంబరు చివర్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నల్లగొండకు వచ్చి పట్టణం రూపు మారాలని చెప్పి వెళ్లాక, మరుసటి ఏడు మా ప్రధాన రోడ్ల మీదికి టేపులు వచ్చాయి. పాలమూరుకూ, అంటే మహబూబ్‌నగర్‌కూ, ఇదంతా తెలిసిన కథే. ఆ ఊరి నడుమ నుంచి పోయే 167వ నంబరు జాతీయ రహదారే జడ్చర్ల, కల్వకుర్తి దాటి మా మిర్యాలగూడ మీదుగా కోదాడకు చేరుతుంది. రెండు జిల్లాలకూ దారి ఒకటే, దుమ్మూ ఒకటే.

రోడ్డు వెడల్పు వద్దని నేను అనను. గడియారం చౌరస్తాలో బస్సు మలుపు తిరగడానికి పడే తిప్పలు చూసినవాళ్లెవరూ అనరు. అంబులెన్సు ఇరుక్కుపోయిన సాయంత్రం రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి అసలే అనదు. నా పేచీ అంతా ఆ ఎర్ర గీతకు అటూ ఇటూ ఉన్న మనుషులను లెక్కపెట్టే తీరు మీద.

మడిగె యజమాని చేతిలో దస్తావేజు ఉంటుంది. అతనితో మాట్లాడటానికి అందరూ వస్తారు. పరిహారం ఒక దారి. స్థలం ఉచితంగా వదులుకుంటే 2012 భవన నిర్మాణ నిబంధనల కింద సెట్‌బ్యాక్‌లో సడలింపు ఇంకో దారి. అభివృద్ధి హక్కుల బదిలీ, అందరూ టీడీఆర్ అనేది, మూడో దారి. ముందు భాగం పోయినా వెనక మిగిలిన జాగాలో కొత్త షట్టర్ బిగుస్తుంది, కిరాయి పెరుగుతుంది. అదే మడిగెలో ఏళ్ల తరబడి కుట్టు మిషను వేసుకున్న టైలర్ సంగతి వేరు. అతని దగ్గర కిరాయి రసీదు కూడా ఉండదు. "ఎర్ర గీత మా మిషను మీదికెల్లి పోయింది బిడ్డా, నన్ను మాత్రం ఎవలూ అడగలె" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఆయనకు ఏం జవాబు చెప్పాలో వెతుక్కుంటూ చట్టం చదవడం మొదలుపెట్టాను.

2013 భూసేకరణ చట్టంలో ఆ జవాబు ఉంది. పట్టణంలో భూమి సేకరిస్తే, అంతకు ముందు మూడేళ్లుగా అక్కడి పని మీదే బతుకుతూ ఆ ఆధారం దెబ్బతిన్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే, సొంత జాగా లేకపోయినా సరే. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలు రాసివ్వడానికి 60 రోజులు ఉంటాయి. భూమి విలువకు తోడు నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఇవ్వాలి. చిక్కు ఎక్కడంటే, యజమాని సమ్మతి కాగితం మీద సంతకం పెట్టి సడలింపుతోనో టీడీఆర్‌తోనో సర్దుకుంటే వ్యవహారం ఆ చట్టం గడప తొక్కదు. సంతకం చేసింది ఒకరు, మిషను ఎత్తుకుని పోయేది ఇంకొకరు. కిరాయిదారు పేరు ఏ కాగితంలోనూ కనబడదు.

రోడ్డు పక్క బండ్లవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఇవన్నీ సర్వేలో పేరు ఎక్కినవాళ్లకు. మరి సర్వే ఎండాకాలంలో జరిగితే? సీతాఫలాల గంపలు అందులోకి ఎట్లా వస్తాయి? ఆ పండు వచ్చేది వానలు వెనకపట్టాక. దసరా ముందూ వెనకా కొన్ని వారాలు గుట్టల పక్క పల్లెల నుంచి పొద్దటి బస్సుకు గంపలతో దిగే అమ్మలు మన పట్టణాలకు కొత్తవాళ్లేమీ కాదు. కూర్చునే చోటు కూడా ఏటా అదే. అయినా ఏ లెక్కలోనూ వాళ్లు లేరు.

నోటుబుక్కు ఆలోచన ఒక ఆదివారం పాలమూరులో దొరికింది. మా పెద్దక్క అత్తగారిల్లు అక్కడే. పిల్లలను తీసుకుని అక్కడి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి దగ్గరికి పోయేవాళ్లం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడ్డాక, చెదలు తిన్న ఆ చెట్టుకు రోగికి సెలైన్ పెట్టినట్టు మందు ఎక్కించి నిలబెట్టారు. ఆ సంగతి చెప్తూ అక్కడి కౌన్సిలర్ ఒకాయన, మా బావగారి స్నేహితుడు, తన సంచిలోంచి నోటుబుక్కు తీసి చూపించాడు. ఆయన వార్డు పట్టణం అంచున ఉంది. అందులో సగం ఇళ్లు పుణే, ముంబై పనులకు పోయేవాళ్లవి. ఏ సర్వే వచ్చినా తలుపులకు తాళాలే ఉంటాయి. 'ఎవరూ లేరు' అని రాసుకుని పోతారు. అందుకే తాళం వేసి ఉన్న ప్రతి ఇంటికీ ఆయన ఒక పేజీ పెట్టాడు: ఎవరిది, ఎక్కడికి పోయారు, ఎప్పుడు వస్తారు, ఫోన్ నంబరు ఎంత. "తాళం కప్పకు నోరు లేదు గదా వదినా, మనమే చెప్పాలె" అన్నాడు.

తిరిగి వచ్చాక నేనూ మొదలుపెట్టాను. రోడ్డుకు రెండు పక్కలా నడుచుకుంటూ పోయి, మడిగె నంబరు, షట్టర్ వెడల్పు, లోపల ఎవరు కూర్చుంటారు, ఎన్నేళ్ల నుంచి, కిరాయి ఎంత, కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉంది అని రాశాను. బండ్లకు వేరే పేజీలు, కాలాన్ని బట్టి వచ్చే గంపలకు వేరే పేజీలు. రాస్తుంటే ఒక సంగతి బయటపడింది. కిరాయిదారుల్లో చాలామందికి ట్రేడ్ లైసెన్సు లేదు. దండగ ఖర్చు అనుకున్నారు. నిజానికి, ఇన్నేళ్లుగా ఇక్కడ పని చేసుకుంటున్నానని వాళ్ల పేరు మీద మున్సిపాలిటీయే ఇచ్చే కాగితం అదొక్కటే. ఆ తరువాత నా వార్డు కమిటీ మీటింగుల్లో మొదటి మాట ట్రేడ్ లైసెన్సు గురించే.

నోటుబుక్కు ఏ గోడనూ ఆపలేదు. ఆపాలని నేను రాయలేదు కూడా. ఎజెండా అంశాలు చదివింది చదివినట్టు పాసైపోయే జనరల్ బాడీలో లేచి నిలబడి, ఈ రోడ్డు మీద ఉన్నవాళ్లు వీళ్లు అని పేర్లు చదవడానికి అది పనికొచ్చింది. పేర్లు చదివితే ఆ రోజు మినిట్స్‌లోకి ఎక్కుతాయి. మినిట్స్‌లో ఉన్న మనిషిని 'ఎవరూ లేరు' అనడం కష్టం. కొందరికి పక్క గల్లీలో చోటు దొరికింది. కొందరు ఊరు విడిచి హైదరాబాద్ పోయారు. వీళ్లకూ వాళ్లకూ మధ్య తేడా చాలాసార్లు ఒక రసీదే.

మిగిలిన ఆదివారాలు నల్లగొండ పక్కనే ఉన్న పానగల్‌వి. ఉదయ సముద్రం కట్ట మీద గాలికి కాసేపు నడిచి, ఛాయా సోమేశ్వరాలయంలో కూర్చునేదాన్ని. కందూరు చోళుల కాలపు ఆ గుడిలో లింగం వెనక నీడ పగలంతా కదలదు. ఎవరెన్నిసార్లు వివరించినా మళ్లీ చూడబుద్ధవుతుంది. అక్కడ కూడా "అక్కా, దర్శనమైందా, మా లైటు సంగతి ఏమైంది?" అని పలకరించేవాళ్లు ఉండేవాళ్లు. మొదట చిరాకు పడ్డా తరువాత అర్థమైంది. మీటింగులో నోరు విప్పని మనుషులు, ముఖ్యంగా కోడళ్లు, కట్ట మీద నడుస్తూ మాట్లాడతారు. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజుల్లో నా నోటుబుక్కులో ఎక్కిన పేజీలు ఏ కమిటీ మీటింగులోనూ ఎక్కలేదు. ఆట మధ్యలో చెప్పిన మాటను ఇంటికి పోయి రాసుకోవడమే నేను చేసింది.

ఈ పనికి అధికారం తక్కువ. నిధులు హైదరాబాద్‌లో మంజూరవుతాయి, ప్లాను ఇంజనీర్లు గీస్తారు, గౌరవ వేతనం పెట్రోలుకే సరిపోదు. కౌన్సిలర్ చేతిలో ఉన్నదల్లా ఒక్కటే: తన వీధిలో ఎవరు ఏం చేసుకుని బతుకుతున్నారో అందరికంటే ముందు తెలిసి ఉండటం. దాన్ని రాసి పెట్టుకోకపోతే అదీ లేనట్టే.

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. ఊళ్లు పెరుగుతున్నాయి, రోడ్లు ఇంకా వెడల్పు అవుతాయి. కౌన్సిలర్ అన్నా, కార్పొరేటర్ అన్నా, ఆ కుర్చీలో కూర్చునేవాళ్లను నేను అడిగేది ఒకటే. మీ వార్డులోకి కొలతల టేపు రాకముందే ఆ రోడ్డును నోటుబుక్కులోకి ఎక్కించండి, వార్డు కమిటీ ముందు చదవండి. మడిగెల్లో, బండ్ల మీద బతికేవాళ్లకు నా మాట ఇంకొకటి. ట్రేడ్ లైసెన్సు కట్టండి, కిరాయి రసీదు అడిగి తీసుకోండి, వీధి వ్యాపారుల సర్వేలో పేరు రాయించుకోండి. ఈసారి వార్డు కమిటీ మీటింగు ఎప్పుడని మీ కౌన్సిలర్‌ను అడిగి, వెళ్లి కూర్చోండి. అక్కడ ఖాళీగా ఉన్న కుర్చీలు మీవే.