బాల్ పడే జాగ

మొన్న ఆదివారం పొద్దుగాల నిజామాబాద్‌లో ఒక గ్రౌండ్ పక్కనుంచి పోతుంటే అమ్మాయిల సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు కనబడి ఆగిపోయాను. గోడ దగ్గర నిలబడ్డ ఒక తండ్రి కోచ్‌తో అంటున్నాడు: "సార్, మా పోరికి ఇంకా ఆట రాదు. ఆడ ఎనక నిలబెట్టుండ్రి, అటు బాల్ రాదు." కోచ్ నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

వెనక నిలబడేది ఆట రానివాళ్లే అన్న నమ్మకం మనకు గల్లీ క్రికెట్ నుంచి వచ్చింది. బ్యాటు పట్టడం రానివాడిని, బంతి వేయడం రానివాడిని, ఏడ్చి వెంట వచ్చిన చిన్న తమ్ముడిని బౌండరీకి తోలేస్తాం. ఫీల్డింగ్ మీద నా పట్టింపు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మళ్లీ చెప్తాను: మైదానంలో అన్నిటికన్నా ఓపిక కావలసిన పని అదే.

ఆ రోజు వెనక కుడివైపు, రైట్‌ఫీల్డ్‌లో ఉన్న అమ్మాయిని అరగంట చూశాను. పద్నాలుగేళ్లు ఉంటాయేమో. గ్లవ్ వేళ్ల మధ్య తోలుతాడు ఎప్పుడో తెగినట్టుంది, దాని చోట తెల్లటి బూటు లేసు ముడేసి ఉంది. బ్యాటర్ మారినప్పుడల్లా రెండడుగులు అటో ఇటో జరిగేది. ఇరవై నిమిషాలు ఒక్క బంతీ రాలేదు. అయినా ఎవరైనా ఫస్ట్ బేస్‌కు విసిరితే చాలు, అక్కడ చేజారితే ఆపడానికి దాని వెనక్కి ఉరికేది. చేజారలేదు. తిరిగి తన జాగకు నడిచి వచ్చేది.

ఆ తర్వాత లేచింది బంతి. బ్యాట్ చప్పుడుతో పాటే ఆమె మొదటి అడుగు వెనక్కి పడింది. గ్లవ్ చాచుకుని ఉరకలేదు. చేతులు ఊపుకుంటూ ఉరికి, బంతి దిగే చోటుకు కాస్త వెనక ఆగి, ముందుకు అడుగేస్తూ పట్టుకుంది. ఆ అడుగు ఊపుతోనే మూడో బేస్‌కు విసిరింది. ఈ ఆటలో క్యాచ్ పట్టిన క్షణం నుంచి రన్నర్ ముందు బేస్‌కు ఉరకొచ్చు. రెండో బేస్ మీదున్న అమ్మాయి రెండడుగులు వేసి, వస్తున్న బంతిని చూసి వెనక్కి తగ్గింది. క్యాచ్ స్కోరు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ రెండడుగులు ఎక్కవు.

నాకు నా చిన్నప్పటి షక్కర్‌నగర్ యాదికొచ్చింది. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లొచ్చాయి, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఫ్యాక్టరీలో కొలువుతో మా బాపు అక్కడికి చేరాడు. క్రషింగ్ సీజన్‌లో మేం ఆడుకునే చోటు పక్కనే చెరుకు బండ్లు బారులు తీరేవి, గాలినిండా మొలాసిస్ వాసన. నైట్ షిఫ్ట్ దిగిన ఒక అన్న ఇంటికి పోకుండా మా దగ్గరికి వచ్చేవాడు. చేతులకు ఇంకా జిడ్డు ఉండేది. బ్యాటు తీసుకుని బంతిని నిట్టనిలువునా ఆకాశంలోకి లేపేవాడు, ఒకటి తర్వాత ఒకటి. మేం బంతినే చూస్తూ ఉరికేవాళ్లం, అది ఎక్కడో పడేది. "బాల్ ఎంబడి ఉరకకురా, బాల్ పడే జాగకు ఉరుకు" అనేవాడు. ఆ మాట నాకు పట్టుబడటానికి రెండు సీజన్లు పట్టింది. మొదటి అర సెకనులో చప్పుడును బట్టి, బ్యాటు కోణాన్ని బట్టి బంతి ఎక్కడ దిగుతుందో కాళ్లకు తెలియాలి. ఆ తర్వాత చూసేది అంచనా సరిచేసుకోవడానికే.

ఆట నాకు ఆ ఫ్యాక్టరీ పక్కనే వచ్చింది. అందుకే ఇన్నేళ్లుగా ఇక్కడ ఒకటే మాట రాస్తూ వచ్చాను: ఫ్యాక్టరీ ఉంటే గ్రౌండ్, గ్రౌండ్ ఉంటే ఆట. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళం పడ్డప్పుడు ఆట కూడా పోయిందని. రుజువుగా డొమినికన్ రిపబ్లిక్‌లోని చెరుకు పట్నం శాన్ పెడ్రో డి మాకోరిస్‌ను చూపించేవాణ్ని. ఇంగ్లిష్ వాళ్ల దీవుల నుంచి చెరుకు పనికి వచ్చిన కూలీలు అక్కడ క్రికెట్ ఆడారు, వాళ్ల పిల్లలు, మనవలు షుగర్ మిల్లుల జట్లలో బేస్‌బాల్ ఆడారు. 1970లో అమెరికా నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచిన రికో కార్టీ, 1987లో అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడైన జార్జ్ బెల్ ఆ ప్రాంతం వాళ్లే. ఇద్దరూ అవుట్‌ఫీల్డర్లే, అంటే వెనక నిలబడేవాళ్లే.

ఈ వారం అదే ఊపులో, నాకు అందరికన్నా ఇష్టమైన అవుట్‌ఫీల్డర్ రోబెర్తో క్లెమెంతె జీవితం మళ్లీ తీశాను. 1934లో ప్యూర్టోరికోలోని కరోలినాలో పుట్టాడు, ఏడుగురిలో చివరివాడు. తండ్రి మెల్చోర్ చెరుకు తోటల్లో మేస్త్రీ. బడిలో జావెలిన్ విసిరాడు, ఆ చెయ్యే తర్వాత రైట్‌ఫీల్డ్‌కు పనికొచ్చింది. రైట్‌ఫీల్డ్ నుంచి మూడో బేస్ చాలా దూరం, అందుకే అక్కడ గట్టి చెయ్యి ఉన్నవాణ్నే నిలబెడతారు. 1955 నుంచి 1972 దాకా 18 సీజన్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కే ఆడాడు. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు 12, సరిగ్గా 3,000 హిట్లు. అవుట్‌ఫీల్డ్ నుంచి విసిరి 266 మందిని అవుట్ చేయించాడు. ఆయన చేతికి భయపడి అసలు ఉరకనివాళ్లు ఎందరో ఏ లెక్కలోనూ లేదు. 1971 వరల్డ్ సిరీస్ గెలిచాక టీవీలో ముందు స్పానిష్‌లో తల్లిదండ్రుల దీవెన అడిగి, తర్వాతే ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. 1972 డిసెంబరు 31 రాత్రి, నికరాగువా భూకంప బాధితులకు సామాను తీసుకుపోతున్న విమానం సముద్రంలో కూలింది. అందులో ఆయన ఉన్నాడు. శవం దొరకలేదు.

ఇదంతా తెలిసిందే. ఈసారి ఆగిపోయింది ఇంకో చోట. కర్రతో డబ్బాలు కొడుతున్న ఆ పిల్లవాణ్ని చూసి జట్టులోకి పిలిచింది షుగర్ మిల్లు కాదు, రోబెర్తో మారిన్ అనే బడిపంతులు. ఆడించింది సాఫ్ట్‌బాల్. జట్టు పేరు సెల్లో రోహో, అది ఒక బియ్యం కంపెనీ.

ఇన్నిసార్లు చదివి కూడా ఆ బియ్యం మాట దాటేసి పోయాను, ఎందుకంటే నాకు కావలసింది చక్కెర. ఫ్యాక్టరీ తెరవాలని ఇప్పటికీ గట్టిగా కోరుకుంటాను, రైతుల కోసం, జీతాలు పోయిన కార్మికుల కోసం. ఆట కోసం మాత్రం దానికి ఎదురుచూడమని ఇక రాయను. ఫ్యాక్టరీ మూతపడ్డా ఆట పోలేదు, ఆదివారం నా కళ్ల ముందే ఆడుతున్నారు.

మన జిల్లాలో రైస్ మిల్లులకు కొదవ లేదు. ఆ యజమానుల్లో ఈ కాలమ్ చదివేవాళ్లు కొందరు నాకు తెలుసు. అయ్యా, ఒక జట్టుకు తొమ్మిది మంది, తొమ్మిది గ్లవ్‌లు. చొక్కాల మీద మీ బ్రాండు పేరు రాయించుకోండి. రైట్‌ఫీల్డ్ అమ్మాయి గ్లవ్‌కు కావలసిన తోలుతాడు మాత్రం నేను కొనేశాను, వచ్చే ఆదివారం తీసుకుపోతున్నాను.