పడకముందటి మాట: మూర్ఛ వ్యాధి పదజాలంలో చూపరి, అనుభోక్త

ఒక వ్యాధికి భాషలో ఎన్ని పేర్లు ఉన్నాయో నిఘంటువు చెబుతుంది. ఆ పేర్లు ఎవరి చూపు నుంచి పుట్టాయన్నది మాత్రం సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న. మూర్ఛ వ్యాధి విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఈ వ్యాధి బలంగా వచ్చినప్పుడు అనుభవించే మనిషికి స్పృహ ఉండదు. చుట్టూ ఉన్నవారికి మాత్రం అంతా కనిపిస్తుంది. కాబట్టి పేరు పెట్టే అధికారం మొదటినుంచీ చూసినవారి చేతిలోనే ఉండిపోయింది.

అయితే ఈ వ్యాధిలో చూపరికి అందని ఘట్టం ఒకటి ఉంది. కొందరికి ఫిట్స్ రావడానికి ముందు కొన్ని క్షణాలపాటు కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు, లేని వాసన ముక్కుకు తగిలినట్టు, కారణం లేని భయం కమ్మినట్టు, జరుగుతున్నది ఇదివరకే ఒకసారి జరిగినట్టు అనిపిస్తుంది. వైద్యులు దీన్ని 'ఆరా' అంటారు. ఒక్కోసారి అది అంతటితోనే ఆగిపోతుంది. మనిషి పడడు, నోట నురగ రాదు, పక్కనున్నవారికి ఏమీ తెలియదు.

నర్సంపేటలో ఉంటూ రోజూ బండి మీద వరంగల్ వెళ్లివచ్చే ఒక యువకుణ్ణి ఉదాహరణకు ఊహించుకోవచ్చు. బడి ఈడులో ఫిట్స్ వచ్చాయి, మందులు వాడారు, తగ్గింది. ఏళ్లు గడిచాక ఇంటివారు ఆ మాట ఎత్తడమే మానేశారు. ఒక సాయంత్రం ఆ పాత క్షణం తిరిగి వచ్చి పోతుంది. ఆ రాత్రి అతడు ఇంట్లో ఏమని చెప్పాలి? అతని చేతిలో ఉన్న మాటలేవి? ఈ వ్యాసం పరిశీలించేది ఆ మాటలనే. తెలుగులో ఈ వ్యాధికి ఉన్న నామవాచకాలు చాలావరకు చూపరివనీ, అనుభోక్త మాట క్రియాపదాల్లో నిలిచి ఉందనీ నిరూపించడం దీని ఉద్దేశం.

చూపరి పెట్టిన పేర్లు

'మూర్ఛ' శబ్దం కావ్యభాషలో విస్తారమైనది. శోకం వల్ల, విరహం వల్ల, బాణాఘాతం వల్ల పాత్రలు మూర్ఛిల్లుతాయి. చల్లని నీరు చల్లితే తేరుకుంటాయి. వైద్యశాస్త్రం ఈ స్థితిని, ఈ వ్యాధిని వేరుగానే చూసింది. మాధవనిదానంలో మూర్ఛకు, అపస్మారానికి వేర్వేరు అధ్యాయాలున్నాయి. ఆధునిక తెలుగు వాడుకలో ఈ భేదం చెరిగి, సొమ్మసిల్లడానికీ వ్యాధికీ ఒకే మాట మిగిలింది. 'సొమ్మ' దేశ్య పదం. బ్రౌన్ నిఘంటువుకెక్కిన 'కాకిసొమ్మ' ఈ వ్యాధికి దానితో ఏర్పడిన పేరు. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'ఫిట్స్' ఇప్పుడు పల్లెలో, పట్నంలో సమానంగా వినిపించే మాట. పుట్టుక ఏదైనా ఈ పేర్లన్నీ వాడుకలో సూచించేది శరీరం అదుపు తప్పిన దృశ్యాన్నే.

నాట్యశాస్త్రం ముప్పై మూడు వ్యభిచారి భావాల్లో అపస్మారాన్ని ఒకటిగా లెక్కించింది. వణకడం, పరుగెత్తడం, పడిపోవడం, చెమట, నోట నురగ, నాలుకతో నాకడం వంటివి అక్కడ అనుభావాలు. ఇది నటుడికి చెప్పిన శాస్త్రం. ప్రేక్షకుడికి కనిపించనిది రంగస్థలానికి పనికిరాదు గనుక బాహ్యచిహ్నాలకే చోటు దొరకడం సహజం. ఈ రసభావ వివేచన తెలుగు నేలకు దూరమైనది కాదు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆశ్రయంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలో రసప్రకరణం ఉంది. తరతరాల తెలుగు పండితులు ఆ గ్రంథాన్ని పాఠ్యంగా చదివారు. అయితే రంగస్థలానికి సరిపోయిన లక్షణమే జీవితంలోనూ వ్యాధి నిర్వచనంగా స్థిరపడితే చిక్కు మొదలవుతుంది. కనిపించే అనుభావం లేదు కాబట్టి వ్యాధీ లేదని చూపరి నిర్ణయిస్తాడు. క్రమంగా అనుభోక్త కూడా ఆ నిర్ణయాన్నే నమ్ముతాడు.

పూర్వరూపం: అడిగి తెలుసుకున్న జాబితా

ఈ పరిమితిని దాటిన సంప్రదాయం ఆయుర్వేదంలో కనిపిస్తుంది. చరకసంహిత నిదానస్థానం అపస్మారానికి పూర్వరూపాలను చెప్పింది. వాటిలో కనుబొమలు ముడిపడడం, కళ్లు వికృతంగా తిరగడం, లాలాజలం కారడం వంటివి వైద్యుడు చూసి గుర్తించగలిగినవి. లేని శబ్దాలు వినిపించడం, చీకట్లు కమ్మడం, కలలో తాను ఆడుతున్నట్టు, వణుకుతున్నట్టు, పడిపోతున్నట్టు కనిపించడం అలాంటివి కావు. ఒకరి కలను మరొకరు చూడలేరు. ఆ జాబితాలో కల చేరిందంటే ఎవరో ఒక రోగి చెప్పాడు, ఎవరో ఒక వైద్యుడు విన్నాడు. అపస్మారంపై మనకున్న ప్రాచీన వచనంలో రోగి స్వరం ఈ విధంగా పరోక్షంగా నిక్షిప్తమై ఉంది.

అయినా 'ఆరా'ను తెలుగులో 'పూర్వరూపం' అనో 'ముందస్తు సూచన' అనో అనువదించడం సరికాదు. పూర్వరూపం వ్యాధి ప్రకటం కావడానికి ముందరి దశ. ఆధునిక నాడీవైద్యం ప్రకారం ఆరా అప్పటికే మొదలైన ఫిట్స్. మెదడులో ఒక చోట పుట్టిన విద్యుత్ అలజడి స్పృహను తాకకుండా ఉన్న స్థితి అది. 2017లో ఇంటర్నేషనల్ లీగ్ ఎగెనెస్ట్ ఎపిలెప్సీ చేసిన వర్గీకరణ దీన్ని 'ఫోకల్ అవేర్ సీజర్' అంది. 'సూచన' అన్న అనువాదం వింటే రోగికి అసలుది ఇంకా రాలేదనిపిస్తుంది. రానిదాని గురించి వైద్యుడికి చెప్పడం ఎందుకని ఊరుకుంటాడు. ఒక అనువాద పదం వైద్యాన్ని ఆలస్యం చేయగల సందర్భం ఇది.

గాలి: రెండు అర్థాలు

గ్రీకు భాషలో ఆరా అంటే పిల్లగాలి. ఈ పేరు వెనకనున్న కథను గాలెన్ నమోదు చేశాడు. పదమూడేళ్ల బాలుడొకడు తన బాధ కాలిలో మొదలై తొడ మీదుగా తలకు ఎక్కుతుందని చెప్పగలిగాడు కానీ అది ఎలాంటిదో చెప్పలేకపోయాడు. మరొక యువకుడు అది చల్లని గాలి పైకి పాకినట్టు ఉంటుందన్నాడు. వైద్య పరిభాషలో నిలిచిపోయినది ఆ రోగి వాడిన ఉపమానమే.

తెలుగులోనూ 'గాలి' ఉంది. 'గాలి సోకింది' అన్న మాట ఈ వ్యాధిని చూసి తరచుగా అనేదే. ఉపమానం ఒకటే అయినా దిశలు వేరు. గ్రీకు యువకుడి గాలి శరీరంలో పుట్టి పైకి పాకింది. అది అతని అనుభూతి. తెలుగులో సోకే గాలి బయటినుంచి వచ్చి పట్టుకుంటుంది. అది చూపరి వ్యాఖ్యానం. మొదటిది వైద్యుడి దగ్గరికి దారి చూపితే రెండవది భూతవైద్యుడి దగ్గరికి చూపింది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్ల నాడీవైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ఆరాలోని గతస్మరణను 'స్వప్నావస్థ' అనే అర్థంలో వర్ణించాడు. 1888లో 'బ్రెయిన్' పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసంలో 'జడ్' అనే రోగి స్వయంగా రాసుకున్న వివరణ ఉంది. ఆ రోగి కూడా వైద్యుడే. ఒక ఘట్టంలో అతడు రోగిని పరీక్షించి, వ్యాధి నిర్ణయించి, కాగితం మీద రాశాడు. ఆ తర్వాత ఆ పని చేసినట్టే అతనికి జ్ఞాపకం లేదు. రాసిన నిర్ణయం మాత్రం సరైనదే. చూపరి దృష్టి ఎంత తక్కువ చూడగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

అపస్మార శబ్దానికి స్మృతి తొలగిపోవడమని వ్యుత్పత్తి. కానీ జడ్ వంటివారు చెప్పిన ఆరాలో మొదట జరిగేది దానికి విరుద్ధం. స్మృతి పొంగుతుంది. ఎదురుగా ఉన్నదంతా పరిచితంగా తోస్తుంది. విచిత్రంగా నాట్యశాస్త్రం అపస్మారానికి చెప్పిన విభావాల్లో గ్రహణంతో పాటు స్మరణ కూడా ఉంది. ఆకారం లేని జ్ఞాపకం మనసును కలచడం మన సాహిత్యానికి కొత్త కాదు. శాకుంతలం అయిదవ అంకంలో హంసపదిక పాట విన్న దుష్యంతుడి వ్యాకులత అలాంటిదే. అది వ్యాధి కాదు, ఇక్కడ వాటిని ఒకటి చేయడమూ లేదు. ఆరాను వర్ణించవలసిన తెలుగు రచయితకు అక్కడ ఒక నుడికారం సిద్ధంగా ఉందని మాత్రమే అర్థం.

ఈ అనుభవాన్ని నవలలో లోపలినుంచి చెప్పినవారిలో దోస్తోయెవ్‌స్కీ ప్రముఖుడు. ఆయన స్వయంగా ఈ వ్యాధిగ్రస్తుడు. 1868–69లో వెలువడిన 'ఇడియట్' నవలలో ప్రిన్స్ మిష్కిన్ స్విట్జర్లాండ్‌లో నాలుగేళ్లకు పైగా చికిత్స పొంది రష్యా తిరిగి వస్తాడు. నయమైందా అని రైలులో అడిగినవారికి లేదనే జవాబిస్తాడు. పీటర్స్‌బర్గ్ వీధుల్లో తిరుగుతుండగా పాత స్థితి మళ్లీ కమ్ముకొస్తున్నట్టు అతనికి తెలుస్తుంది. ఫిట్స్‌కు ముందు క్షణంలో కలిగే అపూర్వమైన వెలుగును అతడు తలుచుకుంటాడు. అది వ్యాధి వల్ల కలిగింది గనుక విలువ లేనిదా అని తనతో తానే వాదించుకుంటాడు. హోటల్ మెట్ల మీద జరిగే పతనం చూపరులకు కనిపించిన ఘట్టం. అంతకుముందు వీధుల్లో గడిచిన ఆ దీర్ఘమైన మధ్యాహ్నం పాఠకుడికి మాత్రమే తెలుసు. నవల బలం ఆ మధ్యాహ్నంలోనే ఉంది.

అనుభోక్త క్రియలు

తెలుగులో ఆ మధ్యాహ్నానికి సరిపోయే మాటలు లేవా? నామవాచకాలను వదిలి క్రియల వైపు చూస్తే జవాబు మారుతుంది.

మొదటిది 'తగ్గు'. తెలుగులో జబ్బు పూర్తిగా పోయినా 'తగ్గింది' అనే అంటారు. ఈ క్రియ పరిమాణాన్ని చెబుతుంది, అంతాన్ని ప్రకటించదు. 2014లో పైన చెప్పిన అంతర్జాతీయ సంస్థ ఏ స్థితిని వ్యాధి తీరినట్టుగా పరిగణించవచ్చో నిర్వచించింది. పదేళ్లుగా ఫిట్స్ లేకుండా, చివరి అయిదేళ్లు మందులు కూడా లేకుండా గడవాలని అంది. అప్పుడు కూడా 'క్యూర్' అన్న మాటను కాదని 'రిజాల్వ్‌డ్' అన్న మాటను ఎంచుకుంది. మళ్లీ రాదన్న హామీ ఇవ్వలేకపోవడమే దానికి కారణం. ఆ జాగ్రత్త 'తగ్గింది' అన్న మాటలో మొదటినుంచీ ఉంది. నటరాజు పాదం కింద అపస్మార పురుషుడు చావకుండా అణగి ఉంటాడన్న సంప్రదాయ భావన కూడా ఇదే అర్థాన్ని శిల్పంలో చెబుతుంది.

రెండవది 'వచ్చేటట్టుంది'. 'అతనికి ఫిట్స్ వచ్చింది' అన్న వాక్యాన్ని ఎవరైనా అనవచ్చు. 'నాకు వచ్చేటట్టున్నది' అని నమ్మకంగా చెప్పగలిగేది అనుభోక్త ఒక్కడే. నవ్వు, ఏడుపు, నిద్ర, కోపం వచ్చినట్టే ఇదీ వస్తుంది. 'కు' ప్రత్యయంతో నడిచే ఈ నిర్మాణంలో మనిషి కర్త కాడు, దోషి కూడా కాడు. అనుభవం వచ్చి తాకే చోటు అతడు. బయటి గాలి సోకిందన్న నింద ఈ వాక్యంలో లేదు.

మూడవది 'తిరగబెట్టు'. మానిందనుకున్న జబ్బు మళ్లీ రావడానికి తెలుగు జాతీయం ఇది. అంతకుముందు తగ్గిన కాలాన్ని ఈ క్రియ అబద్ధం చేయదు. తిరగబెట్టాలంటే ముందు తగ్గి ఉండాలి. ఏళ్ల తర్వాత ఆరా తిరిగి వచ్చిన మనిషిని కుంగదీసేది గడిచిన ఏళ్లన్నీ వ్యర్థమయ్యాయన్న భావన. తగ్గు, వచ్చేటట్టుండు, తిరగబెట్టు అన్న మూడు క్రియలు కలిసి వ్యాధిని కాలంలో నిలుపుతాయి. 'మూర్ఛ రోగి' అన్న నామం మనిషిని శాశ్వతంగా ఒక దృశ్యంలో బంధిస్తుంది.

ఈ క్రియల వెనకనున్న ఆంతరంగిక కాలాన్ని పట్టే కథనశిల్పం కూడా తెలుగులో కొత్తది కాదు. రావిశాస్త్రి 'అల్పజీవి', వరంగల్ ప్రాంతానికి చెందిన నవీన్ 'అంపశయ్య' పాత్ర చైతన్యాన్ని క్షణక్షణం అనుసరించడం తెలుగు నవలకు సాధ్యమేనని చూపాయి.

నర్సంపేటలో ఆ మాట విలువ

చరకసంహిత చికిత్సాస్థానం అపస్మారం ఉన్నవారిని నీటినుంచి, నిప్పునుంచి, చెట్లనుంచి, కొండలనుంచి, ఎగుడుదిగుడు చోట్లనుంచి కాపాడాలని చెప్పింది. నర్సంపేట పరిసరాల్లో చదివితే ఆ వాక్యం పురాతనంగా అనిపించదు. కాకతీయుల నాటి పాకాల చెరువు, వ్యవసాయ బావులు, కట్టెల పొయ్యి, మిరప చేలకు నీరు పెట్టే మోటార్లు, వరంగల్ వరకు సుమారు 40 కిలోమీటర్ల రోడ్డు అన్నీ ఆ జాబితాలో చేరతాయి. ఆరా వచ్చిన మనిషికి చేతిలో ఉండేది కొన్ని క్షణాలే. బండి పక్కకు ఆపడం, బావి గట్టు నుంచి జరగడం, పక్కవారిని పిలవడం ఆ క్షణాల్లోనే జరగాలి. తర్వాత వైద్యుడికి చెప్పవలసినవి కూడా ఉంటాయి: మాత్ర మరిచిపోయాడా, నిద్ర తక్కువైందా, జ్వరం వచ్చిందా, ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది.

చెప్పకపోవడానికి కారణాలూ బలమైనవే. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో మూర్ఛ వ్యాధి పెళ్లికి అనర్హతగా చేరింది. 1999 సవరణతో ఆ మాటను తొలగించారు. చట్టం నుంచి మాట పోయినా సంబంధాలు చూసే ఇళ్లలో భయం అంత త్వరగా పోదు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఆరోగ్య ప్రకటనలో ఈ వ్యాధి గురించి ప్రశ్న ఉంది. దానికి నిజం చెప్పడం ఒక్కోసారి జీవనోపాధిని వదులుకోవడమే. ఇలాంటి చోట 'మూర్ఛ' అన్న నామం ఒక్కటే చేతిలో ఉంటే మనిషి మౌనాన్ని ఎంచుకుంటాడు. పడలేదు గనుక మూర్ఛ కాదని తనను తాను ఒప్పించుకుంటాడు. 'మొన్న మళ్లీ వచ్చేటట్టయింది' అన్న వాక్యం ఆ మౌనానికీ ఆ నామానికీ మధ్య ఒక దారి ఇస్తుంది. ఆ వాక్యం నిజాన్ని దాచదు, అవసరానికి మించి ప్రకటించదు కూడా.

ముగింపు

తెలుగులో ఈ వ్యాధి నామాలు పతనాన్ని చూసినవారివి, క్రియలు దాన్ని మోసినవారివి. పరిభాషా నిర్మాణంలో, అనువాదంలో, కథనంలో నామాలకు దొరికిన గౌరవం క్రియలకు దొరకలేదు. ఆరోగ్య సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చేవారు 'పూర్వరూపం' వంటి గంభీరమైన మాట కన్నా 'వచ్చేటట్టుండడం' వంటి వాడుక మాటను ఆధారం చేసుకుంటే రోగి తన అనుభవాన్ని అందులో గుర్తుపడతాడు.

తెలుగు చెవికి 'ఆరా' అన్న శబ్దం ఇదివరకే పరిచితం. ఆరా తీయడమంటే వివరం అడిగి తెలుసుకోవడం. రెండు మాటలకు సంబంధం లేదు, ధ్వనిసామ్యం మాత్రమే. అయినా చరకుని జాబితాలో కల చేరిన తీరును, గాలెన్ గ్రంథంలో యువకుడి ఉపమానం నిలిచిన తీరును చూసినప్పుడు రెండో ఆరా లేకుండా మొదటి ఆరా ఎన్నడూ తెలియలేదని స్పష్టమవుతుంది. ఏళ్ల తర్వాత ఆ క్షణం తిరిగి వచ్చిన మనిషికి పరీక్షల కన్నా ముందు కావలసింది 'ఏమనిపించింది?' అని అడిగే ఒకరు, జవాబు చెప్పడానికి తనదైన ఒక క్రియ.