నాణెం వేసిన పాట, వేలితో తోసిన పాట

సూరత్‌లో బారు లేదు. 1960 మే 1న గుజరాత్ రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది. దానికి మూలమైన చట్టం అంతకుముందే, 1949లో, ఉమ్మడి బొంబాయి రాష్ట్రం చేసింది. దొంగచాటుగా మందు దొరకదని కాదు. బల్లలు వేసి, మసక దీపాలు పెట్టి, మూలన ఒక పాటల పెట్టె నిలబెట్టి పదిమందిని కూర్చోబెట్టే చోటు మాత్రం లేదు. తాగాలనిపించిన సూరత్‌వాసి దక్షిణాన డామన్ దాకా పోతాడు, లేదా తూర్పున నవాపూర్ దగ్గర మహారాష్ట్ర గీత దాటుతాడు. నవాపూర్ రైల్వేస్టేషన్ సగం ఈ రాష్ట్రంలో, సగం ఆ రాష్ట్రంలో ఉంటుంది. విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఆ దారినే సూరత్ చేరుతుంది. తెలంగాణ నేతపనివాళ్ళను సూరత్ మరమగ్గాలకు చేర్చిన రైళ్ళలో అదొకటి.

జ్యూక్‌బాక్స్ అనే మాట మాత్రం ఆ ఊరి తెలుగువాళ్ళకు కొత్త కాదు. లింబాయత్‌లోనో ఉధనాలోనో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మన కుర్రాడి ఫోన్‌లో చూడండి. యూట్యూబ్‌లో ఆదిత్య, లహరి లాంటి కంపెనీలు పెట్టిన ‘ఆడియో జ్యూక్‌బాక్స్’లు కనిపిస్తాయి. ఒక సినిమా పాటలన్నీ ఒకదాని వెనక ఒకటి ముడివేసి అరగంట ముక్కగా చేసినవి. ఇరవై ఏళ్ళ తెలుగువాడికి జ్యూక్‌బాక్స్ అంటే ఇదే. నాణెం మింగి పాట వినిపించే పెట్టెను అతను ఏ పాత సినిమాలోనో చూసి ఉంటాడు, దాని పేరూ అదేనని తెలిసి ఉండకపోవచ్చు. పేరు ఒకటి, వస్తువులు రెండు. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. బారులోని జ్యూక్‌బాక్స్ కోసం బెంగపడుతూ రాసినవి చదివినప్పుడల్లా, వాళ్ళు పోగొట్టుకున్నది పెట్టెనా, బారునా, ఇంకేదైనానా అన్న సందేహం వస్తుంది. అసలు బారే లేని ఊరి నుంచి చూస్తే ఆ చిక్కుముడి విప్పడం తేలిక.

ముందు పాత పెట్టె సంగతి. సూరత్ నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో ముంబయి. అక్కడ కొలాబాలో, రీగల్ సినిమా పక్కన, కేఫ్ మాండేగార్ ఉంది. ఇరానీ హోటల్‌గా మొదలై బీరు దొరికే చోటుగా మారింది. ఆ పేరు చెప్పగానే ముంబయివాళ్ళకు గుర్తొచ్చేవి రెండు: గోడల మీద మారియో మిరాండా బొమ్మలు, లోపలి జ్యూక్‌బాక్స్. ఇలాంటి చోట జరిగేది ఇదీ. ఒకడు బల్ల దగ్గర నుంచి లేస్తాడు. పెట్టె ముందు నిలబడి పాటల పట్టీ మీద చూపు నడిపిస్తాడు. వెనక కూర్చున్నవాళ్ళు అతని వీపు చూస్తుంటారు. ఏది పెడతాడో తెలియదు. డబ్బు వేసి మీట నొక్కి, వెనక్కి వచ్చి కూర్చుంటాడు. అతని పాట వెంటనే రాదు, ముందు వేసినవాళ్ళ పాటలు అయిపోవాలి. అప్పటిదాకా ముక్కూమొహం తెలియని ముగ్గురి ఇష్టాలను అతను వినాలి. చివరికి తన పాట మొదలైనప్పుడు ఎవరైనా తల ఊపుతారా, మొహం చిట్లిస్తారా అని ఓరగా గమనిస్తాడు. జ్యూక్‌బాక్స్ ఆకర్షణంతా ఆ ఓరచూపులో ఉందని నా అభిప్రాయం. తన ఇష్టాన్ని పదిమంది ముందు పెట్టి, వాళ్ళ మొహాల్లో జవాబు వెతుక్కోవడం. డబ్బు పెట్టి కొన్నది పాటను కాదు, మూడు నిమిషాల పాటు ఆ గదిని.

పెట్టెలో పాటలు తక్కువగా ఉండటమూ కలిసొచ్చింది. 1946లో వచ్చిన వుర్లిట్జర్ 1015ను ఇప్పటికీ జ్యూక్‌బాక్స్ బొమ్మగా అందరూ గీస్తారు. గుండ్రటి తల, రంగుల దీపాలు, గాజు గొట్టాల్లో పైకి తేలే బుడగలు. యాభై ఆరు వేలకు పైగా అమ్ముడుపోయిన ఆ పెట్టెలో పట్టేవి 24 రికార్డులు. రెండేళ్ళ తర్వాత సీబర్గ్ కంపెనీ రికార్డుకు రెండు వైపులా వాయించే ఏర్పాటు చేసి పాటల సంఖ్యను వందకు చేర్చింది. వంద అన్నా ఎంత? రోజూ వచ్చేవాడికి పట్టీ అంతా కంఠతా వచ్చేస్తుంది. ఏ పాట ఎవరిదో కూడా తెలిసిపోతుంది. ‘ఇది ఫలానా ఆయన పాట’ అని ఊళ్ళో అనుకోవాలంటే ఆ ఊరికి పాటలు తక్కువగా ఉండాలి.

ఇక్కడ ఒక చారిత్రక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. మొట్టమొదటి పెట్టె గదిని పంచలేదు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలే రాయల్ అనే సారాకొట్టులో లూయీ గ్లాస్ పెట్టిన యంత్రం ఎడిసన్ ఫోనోగ్రాఫే. లౌడ్‌స్పీకరు లేని కాలం కాబట్టి దానికి వినికిడి గొట్టాలు నాలుగు తగిలించాడు. నాణెం వేసినవాడు గొట్టం చెవికి పెట్టుకుంటే అతనికి మాత్రమే పాట. పాట గదంతా వినిపించాలంటే విద్యుత్తుతో శబ్దాన్ని పెంచే ఉపాయం రావాలి. 1920ల చివర అది వచ్చింది. అంటే యంత్రం చెవి గొట్టంతో మొదలై, గదిలోకి వచ్చి, మళ్ళీ ఇయర్‌ఫోన్‌గా చెవిలోకే చేరింది. మధ్యలో గదిలో ఉన్న ఆ కొద్ది దశాబ్దాల కోసమే ఇంత బెంగ.

ఆ దశాబ్దాలను మద్యం మోసింది, అది దాచవలసిన సంగతి కాదు. అమెరికాలో 1920లో వచ్చిన మద్యనిషేధం 1933లో పోయింది; తెరుచుకున్న బార్లన్నిటికీ వాద్యగాళ్ళను పెట్టుకునే స్తోమత లేదు, అంతా ఆర్థికమాంద్యం. ఒక పెట్టె కొంటే సరిపోయింది. జ్యూక్‌బాక్స్‌కు మంచిరోజులు అలా వచ్చాయి. అందుకే దాని జ్ఞాపకాలు సీసా వాసనతో కలిసి ఉంటాయి. తెలుగువాడిగా నేను ఆ వాసనను దాటి వెళ్ళలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు ముందు నిలబడ్డారు. వాళ్ళ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళకే సడలిపోయింది, అది వేరే బాధ. కూలి డబ్బు కొట్టులో పోస్తే ఇంట్లో పొయ్యి వెలగదని ఆ తల్లులు చెప్పిన మాట విన్నవాళ్ళకు బారులో మోగే పాట మీద గుడ్డి మమకారం రాదు. మన ఊళ్ళలో ఆ గదిలోకి ఆడవాళ్ళు వెళ్ళరు. వాళ్ళు పెట్టిన పాట ఒక్కటైనా అక్కడ మోగదు. సగం ఊరిని గుమ్మం బయట నిలబెట్టిన చోటును ‘అందరి పాట’ అనడానికి నాకు మనసొప్పదు.

పాట కట్టినవాళ్ళకూ ఆ పెట్టె న్యాయం చెయ్యలేదు. అమెరికా 1909 కాపీరైట్ చట్టం నాణెంతో ఆడే యంత్రాలకు మినహాయింపు ఇచ్చింది. జ్యూక్‌బాక్స్‌లో పాట లక్షసార్లు మోగినా, మోగినందుకు రచయితకు, స్వరకర్తకు పైసా ఇవ్వనక్కర్లేదు. ఈ మినహాయింపు 1978 దాకా సాగింది. మన దగ్గర సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కును గట్టిపరిచిన సవరణ 2012లో వచ్చింది. ఈ లెక్కలో కొత్త జ్యూక్‌బాక్సే మేలు. ఫోన్‌లో మోగే పాటకు ఎవరికో ఎంతో కొంత జమ అవుతుంది, కనీసం అడగడానికి చట్టం ఉంది.

కొత్తదాని మేలు మరొకటుంది. అది తెలియాలంటే సూరత్ మరమగ్గాల షెడ్డులోకి వెళ్ళాలి. పన్నెండు గంటల షిఫ్టు. సాంచాల మోతలో పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేకపోతే చేత్తో సైగ చెయ్యాలి. ఒక్కొక్కరికి ఒక్క సాంచ కాదు, ఒక వరస అప్పగిస్తారు. ఇక్కడ పోగు తెగుతుంది, అక్కడ పేక అయిపోతుంది. చేతులు ఖాళీ ఉండవు. అలాంటివాడు ఫోన్ తీసి పాట పాటకూ వేలు కదపలేడు. ఒక్కసారి తోస్తే అరగంట ఆగకుండా పోయే ముక్కే అతనికి కావాలి. ‘ఆడియో జ్యూక్‌బాక్స్’ అతని పనికి కుట్టించినట్టు సరిపోతుంది. పక్క సాంచాల దగ్గర ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు, హిందీవాళ్ళు. ఆ మధ్యలో చెవిలో తెలుగు వినిపించడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఏసీ గదిలో కూర్చుని పాత బారును తలుచుకునేవాళ్ళకు లేదు.

అయినా పోలిక పోలికే. పేరు పెట్టినవాళ్ళు ఏ ఉద్దేశంతో పెట్టారోగానీ, ఈ జ్యూక్‌బాక్స్‌లో ఎంచుకోవడం అనేదే లేదు. కంపెనీ పేర్చిన వరసలోనే పాటలు వస్తాయి. ఒకప్పటి క్యాసెట్టు ఒకవైపు ఎలా ఉండేదో అలా. పాత పెట్టెకు ప్రాణమైన మూడు విషయాలు, ఎంచుకోవడం, వంతు కోసం ఆగడం, పరాయివాడి పాట వినడం, ఈ కొత్తదానిలో ఒక్కటీ లేదు. ఒక షెడ్డులో ఇరవై మంది తెలుగువాళ్ళు ఇరవై ఇయర్‌ఫోన్లతో ఒకే సినిమా పాటలు వింటున్నా, ఒకరు వినేది ఒకరికి తెలియదు. సిరిసిల్ల నుంచి వచ్చిన పెద్దాయనకు ఘంటసాల ఇష్టమని పక్క సాంచ కుర్రాడికి ఏళ్ళు గడిచినా తెలిసే దారి లేదు. నాకు బాధ కలిగించేది ఇదొక్కటే.

ఈ మూడు విషయాలకూ బారు అవసరమా? అక్కర్లేదని మన రేడియో ఎప్పుడో రుజువు చేసింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. సిలోన్ రేడియో తెలుగు ప్రసారాలూ ఉండేవి. కోరిన పాట కోసం శ్రోతలు కార్డు రాసేవాళ్ళు. ఆ కార్డే మన నాణెం. ఊరు పేరు, ఇంట్లో అందరి పేర్లు వరసగా రాసి డబ్బాలో వేసేవాళ్ళు. వారాలు ఎదురుచూసేవాళ్ళు. రేడియోలో ఆ పేర్లు చదివినప్పుడు పాటకన్నా ముందు పేరు విని పొంగిపోయేవాళ్ళు. జ్యూక్‌బాక్స్ దగ్గర వంతు నిమిషాల్లో వస్తుంది, ఇక్కడ నెలలు పట్టవచ్చు. జ్యూక్‌బాక్స్ ఒక గదికి వినిపిస్తుంది, ఇది రాష్ట్రమంతటికీ. అన్నిటికన్నా ముఖ్యం, రేడియో వంటింటి గూట్లో ఉండేది. అమ్మ పాట కోరవచ్చు, పెళ్ళికాని అక్క తన స్నేహితురాళ్ళ పేర్లు కలిపి రాయవచ్చు. బారు బయట నిలబెట్టిన సగం ఊరు ఇక్కడ మొదటి వరసలో కూర్చుంది. జ్యూక్‌బాక్స్, కోరిన పాటల కార్యక్రమం పక్కపక్కన నిలబెడితే నేను రెండోదానికే పీట వేస్తాను.

సూరత్‌కు ఆ అలవాటు బొత్తిగా పోలేదు. పాట నలుగురిదీ అయ్యే రాత్రులు అక్కడ ఏటా వస్తాయి. నవరాత్రుల్లో వాడవాడలా గుజరాతీలు దీపపు కుండ చుట్టూ గర్బా ఆడుతుంటే, ఆ రోజుల్లోనే తెలంగాణ ఆడపడుచులు పూల బతుకమ్మ చుట్టూ చప్పట్లతో తిరుగుతారు. రెండూ వలయాలే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవే. అక్కడ ఇయర్‌ఫోన్‌కు చోటు లేదు, సీసాకూ లేదు. కాకపోతే అవి ఏడాదికి తొమ్మిది రాత్రులు. సాంచ ఏడాదంతా ఆడుతుంది.

సూరత్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు, పద్మశాలి కులబాంధవులకు నాదొక మనవి. మార్కండేయ జయంతికో, సెలవు పూట సాయంత్రానికో నలుగురు చేరినప్పుడు ఒక అట్టపెట్టె పెట్టండి. వచ్చినవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, తమకు కావలసిన పాట ఒక చీటీ మీద రాసి అందులో వెయ్యనివ్వండి. ఒక్కో చీటీ తీసి, రాసినవారి పేరూ ఊరూ పైకి చదివి, అందరికీ వినబడేలా ఆ పాట పెట్టండి. ఫోన్‌లో లేని పాట లేదు, ఒక చిన్న స్పీకరు చాలు. సిరిసిల్ల పెద్దాయన చీటీ వచ్చినప్పుడు మాత్రం మధ్యలో ఆపకండి, పాట చివరిదాకా పోనివ్వండి.