పుస్తకం వీపు మీద ఎవరి మాట?

లైబ్రరీ కేటలాగు రాసేవాళ్ళకి సొంత అభిప్రాయాలుండవని, ఉన్నదున్నట్టు నమోదు చేస్తారంతేనని మనకో నమ్మకం. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం వరకూ అది నిజమే. ఆ తర్వాత ‘విషయం’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ రాసేది రచయిత మాట కాదు, అచ్చువేసినవాళ్ళ మాటా కాదు, పూర్తిగా లైబ్రరీ మాట. నా పేచీ అంతా ఆ గడితోనే.

కోనసీమలో నేను చదువుకున్న ఒక గ్రంథాలయంలో పాత స్టాకు రిజిస్టరు తిరగేశాను. ‘హరిజనాభ్యుదయం’ అనే శీర్షిక కింద నాటకాలు, కవిత్వం, ప్రభుత్వ పథకాల కరపత్రాలు అన్నీ ఒకే కుప్ప. బోయి భీమన్న గారి పుస్తకాలూ అందులోనే. మామిడికుదురులో పుట్టి, ‘గుడిసెలు కాలిపోతున్నాయి’కి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మనిషి, తన సొంత గడ్డ మీద తెలుగు కవుల వరసలో లేడు! కులధ్రువపత్రాల్లో ‘హరిజన’ అనే మాట వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 1982లోనే రాష్ట్రాలకి చెప్పింది. రిజిస్టరులో మాత్రం ఆ శీర్షిక కొత్త సిరాతో కూడా కొనసాగింది.

పేరులో ఏముందండీ అని కోనసీమలో ఎవరూ అడగలేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ, బస్సులూ తగలబెట్టారు. పేరుకి అంత బలం ఉందని తగలబెట్టినవాళ్ళకీ తెలుసు.

ఇది మన నిర్లక్ష్యం ఒక్కటే కాదు. మన లైబ్రరీలు వాడే డ్యూయీ వర్గీకరణ 1876 నాటి అమెరికా బుర్రలోంచి వచ్చింది. దాని పాత ముద్రణల్లో 395 మర్యాదలు, 396 స్త్రీలు, 397 జిప్సీలు, సంచారులు, వెలివేసిన జాతులు, 398 జానపద కథలు. అంటే మనం భోజనాల బల్ల మర్యాదలకీ వెలివాడకీ మధ్యన కూర్చున్నామన్నమాట. తర్వాత స్త్రీలని 305.4కి మార్చారు. సామాజిక వర్గాలు 305.5లో ఉన్నాయి. బాగానే ఉంది గానీ, దళిత స్త్రీ జీవితం మీద పుస్తకం వస్తే ఏ అంకె వెయ్యాలి? పుస్తకానికి ఒకటే వీపు. ఆడదానిగా పెడితే కులం జారిపోతుంది, కులంలో పెడితే ఆడది జారిపోతుంది. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చింది సరిగ్గా ఈ జారిపోయే చోటు నుంచే. అలమరలో రెండు చోట్ల పెట్టలేకపోవచ్చు, కేటలాగులో రెండు శీర్షికలు ఇవ్వడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ రెండో శీర్షిక రాయడానికే మన చేతులు రావు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కళావంతుల విషయం. గోదావరి పల్లెల్లో తరతరాలుగా నాట్యం, పదం, జావళీ కాపాడిన స్త్రీలు వాళ్ళు. వాళ్ళ నాట్యం మీద రాసిన పుస్తకం ఒకటి నాకు 306.74లో దొరికింది. ఆ అంకెకి అర్థం వ్యభిచారం. నృత్యానికి 793.3 ఉండగా! పుస్తకం తెరిచిన పాపాన పోయినట్టు లేరు, అట్ట మీద ‘దేవదాసి’ అని కనపడగానే నిర్ణయం అయిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు ముద్దుపళనికి జరిగింది కూడా ఇదే. ‘రాధికా సాంత్వనము’ని వీరేశలింగం గారు అశ్లీలమన్నారు, రాసినామె వేశ్య అన్నారు. ఆ మాటని ఎదిరిస్తూ బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చు వేయించింది. మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది, 1947లో గానీ ఎత్తలేదు. చట్టం వెనక్కి తగ్గింది, చీటీలు మాత్రం తగ్గలేదు. క్షేత్రయ్య పదాల్లో అంత శృంగారం ఉన్నా ఆయన్ని ఎవరూ వృత్తి పేరుతో నమోదు చెయ్యరు.

పాత మాటలు తీసేస్తే చరిత్ర చెరిగిపోదా అని ఒక లైబ్రేరియన్ స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పుస్తకం పేరు ముట్టుకోమని నేననడం లేదు. ‘మాలపల్లి’ 1922లో ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. మార్చాల్సింది మనం పెట్టిన శీర్షిక. పాత మాటతో వెతికేవాళ్ళ కోసం ఆ మాట దగ్గర ‘ఫలానాది చూడుము’ అని ఒక సూచిక ఉంచితే చాలు. శాన్‌ఫోర్డ్ బెర్మన్ 1971లోనే అమెరికా కేటలాగుల మీద పుస్తకం రాసి పోట్లాడాడు. అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘అక్రమ విదేశీయులు’ అనే శీర్షిక మార్చడానికి 2021 దాకా పట్టింది. మనం ఇంకా పోట్లాట మొదలే పెట్టలేదు.

చిక్కు లేకపోలేదు. కళావంతులు అని రాద్దామంటే, ఆ కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు సూర్యబలిజలుగా చెప్పుకుంటున్నారు. పాత పేరు పెళ్ళి సంబంధాల్లో, బడిలో ఎంత గుచ్చుకుందో వాళ్ళకే తెలుసు. ఆ కళ తమదేనని చెప్పుకోవడానికి అదే పేరు కావాలనేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండింటిలో ఏది రాయాలో నేను చెప్పలేను, లైబ్రేరియనూ ఒక్కడే కూర్చుని చెప్పకూడదు. ఈలోపు ఆ పుస్తకాన్ని 306.74లోంచి తీసి నృత్యం పక్కన పెట్టడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.